కొండెక్కేముందు ఎవరిని అడగాలి?

రాజమండ్రిలో పొద్దున్నే బయల్దేరితే గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. వరిచేలు, కాలవగట్లు వెనకబడి కొండలు కమ్ముకునేసరికి డెల్టా మనిషి తీరే మారిపోతుంది. కోనసీమలో పక్కవాళ్ళ దొడ్లో రాలిన కొబ్బరికాయ తీసుకోవాలన్నా "ఏవండీ" అని కేకేసి అడిగేవాడు, ఇక్కడ కనపడిన వాగులో దిగుతాడు, కనపడిన చెట్టుకింద గుడారం వేస్తాడు, కనపడిన ఇంటి అరుగు మీద సంచి దించేస్తాడు. అడవి ఎవరిదీ కాదన్న నమ్మకమే దీనికి మూలం. తీరా చూస్తే కొండమీద మనం తాకే ప్రతిదానికీ అడగాల్సిన మనిషి ఒకడున్నాడు. చిక్కల్లా ఒక్కోదానికి ఒక్కొక్కరు కావడమే. అటవీశాఖ చీటీ చేతిలో ఉంటే ఊళ్ళో పడుకోవచ్చనుకోవడం, ఊరి పెద్ద సరేనంటే అడవిలో మంట వేసుకోవచ్చనుకోవడం ఈ చిక్కు తెలియక చేసే తప్పులే.

ముందు పేర్ల సంగతి, ఎందుకంటే డెల్టావాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. కొండరెడ్లకీ మైదానంలోని రెడ్డి కులానికీ సంబంధం లేదు. వాళ్ళు షెడ్యూల్డు తెగ. అందులోనూ ప్రత్యేక దుర్బల గిరిజన సమూహాల జాబితాలో ఉన్నవాళ్ళు. వాళ్ళ ఇంటిభాష తెలుగే. కోయదొరల్లో 'దొర' తెగపేరులో భాగం, తెల్లదొరకీ దానికీ ముడిపెట్టకూడదు. కోయలకు సొంత భాష ఉంది, అది గోండికి దగ్గరది. కొండరెడ్ల ఊరిపెద్దని పెద్దకాపు అంటారు. ఈ కాపు పదవి, కులం కాదు. వీళ్ళు కాక కొండకమ్మర్లు, వాల్మీకులు, కొండదొరలు కూడా ఈ మండలాల్లో ఉన్నారు. "మీ గిరిజనులు ఏం తింటారు?" అని అడిగితే ఏ ఊరివాడైనా ఏమని చెబుతాడు? పిలవడానికి అన్నా, అమ్మా, పెద్దాయనా సరిపోతాయి. వయసు తెలియకుండా 'నువ్వు'లోకి దిగకపోవడం మంచిది.

మూడు రకాల నేల

ఏజెన్సీకి పర్మిట్ కావాలా అని చాలామంది అడుగుతారు. ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నట్టు ఇన్నర్ లైన్ పర్మిట్ ఇక్కడ లేదు. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ఇది షెడ్యూల్డు ప్రాంతమే అయినా, రోడ్డుమీదుగా వచ్చి ఊళ్ళోకి వెళ్ళడానికి భారత పౌరుడికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. రోడ్డు దిగి కాలిబాట పట్టాక మాత్రం కాలికింద నేల ఏ రకమో తెలియాలి. రిజర్వు ఫారెస్టు అయితే 1967 అటవీ చట్టం వర్తిస్తుంది: అనుమతి లేకుండా చొరబడటం, నిప్పు వేయడం నేరాలు. పాపికొండలు జాతీయ ఉద్యానవనం అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది. సుమారు 1,012 చదరపు కిలోమీటర్ల ఈ అడవి గోదావరికి రెండు గట్లమీదా పరుచుకుని ఉంది. 1978లో అభయారణ్యం, 2008లో జాతీయ ఉద్యానవనం అయింది. దాని గుండా పోయే ప్రజారహదారి మీద వెళ్ళేవాడికి ఇబ్బంది లేదు. పక్కకి దిగాడా, అనుమతి పత్రం ఉండాల్సిందే. మూడోది ఊరి నేల.

ఆ హద్దులు నేలమీద కనపడవు. ఒకే గుట్ట ఎక్కుతూ అరగంటలో మూడింటినీ దాటేయొచ్చు. కాబట్టి వారం ముందే అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి ఒక కాగితం ఇవ్వాలి: మనుషుల పేర్లు, గుర్తింపు కార్డుల నకళ్ళు, ఏ ఊరినుంచి ఏ ఊరికి, ఏ తేదీల్లో. ఫోనులో "రండి సార్, పర్వాలేదు" అన్న మాట చెక్‌పోస్టు దగ్గర పనికిరాదు. డ్రోన్ ఎగరేసే ఆలోచన ఉంటే దాని అనుమతి వేరు, అది దొరకదనుకునే బయల్దేరడం తెలివి.

అదే కాగితం నకలు మండల కేంద్రంలోని పోలీసు స్టేషన్‌లోనూ ఇవ్వండి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు దగ్గర కాబట్టి సోదాలు మామూలే. జూలై 28 నుంచి ఆగస్టు 3, డిసెంబరు 2 నుంచి 8 వారాల్లో మావోయిస్టుల వారోత్సవాల పేరుతో తనిఖీలు ముమ్మరమవుతూ వచ్చాయి, రాత్రి బస్సులు ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ తేదీలు వదిలేయడమే సుఖం. ఇంకొకటి. సీలేరు, చింతూరు వైపు దారులు గంజాయి రవాణాకి పేరుపడ్డాయి. కిందికి దిగేటప్పుడు ఎవరైనా "ఈ పార్సిల్ రాజమండ్రిలో మావాడికి ఇవ్వండి" అంటే, ఎంత మంచి మనిషి అడిగినా వద్దనాలి.

ఇక ఊళ్ళో బస. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని సవరించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్‌నే జనం '1/70' అంటారు. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనేతరులకి బదిలీ కాకూడదని దాని సారం. బదిలీ అంటే అమ్మకమే కాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి కూడా అందులోకే వస్తాయి. గిరిజనుడి ఇంట్లో రెండు రాత్రులు అతిథిగా పడుకోవడం దీనికిందకి రాదు. కానీ మైదానంవాడు ఆ ఇంటినో, ఇంటిపక్క జాగానో ఏడాదికింతని లీజుకి తీసుకుని 'ట్రైబల్ హోంస్టే' బోర్డు పెడితే అది చట్టంతో పేచీ. అటవీహక్కుల చట్టం, 2006 కింద వచ్చిన పట్టా భూమి వారసులకి దక్కుతుంది తప్ప అమ్మడానికీ బదలాయించడానికీ వీల్లేదు. అందుకే బస మాట్లాడుకునేముందు రెండు ప్రశ్నలు: ఇల్లు ఎవరిది, డబ్బు ఎవరి చేతికి? "అడ్వాన్సు మాకు పంపండి, అక్కడ మావాళ్ళు చూసుకుంటారు" అన్న జవాబు వస్తే ఆ బేరం వదిలేయడం మేలు. మారేడుమిల్లి చుట్టుపక్కల అటవీశాఖ, వన సంరక్షణ సమితులతో నడిపించే విడిదులున్నాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఒక రాత్రి అక్కడుండి, కావలసిన ఊరివాళ్ళతో మాట్లాడుకుని కదలడం సులువు.

పాత రాతలు నమ్మి దేవీపట్నం మండలంలో గోదారి ఒడ్డు ఊళ్ళలో బస అనుకునేవాళ్ళకి ఒక్క మాట. పోలవరం ముంపుకింద వాటిలో చాలా ఊళ్ళు ఖాళీ అయి, జనం పునరావాస కాలనీలకి వెళ్ళిపోయారు.

ఏ నెలలో వెళ్ళకూడదు

ఫొటోలకి వానాకాలం బాగుంటుంది. అతిథికి, అంతకంటే ఎక్కువగా ఆతిథ్యం ఇచ్చే ఇంటికి, అదే చెడ్డకాలం. పోడు లెక్క ఇలా ఉంటుంది: శీతాకాలం చివర్లో తుప్పలూ చెట్లూ కొట్టి, ఎండలకి ఆరనిచ్చి, వేసవి ముగిసేలోగా కాల్చి, తొలకరికి విత్తుతారు. సామలు, చోళ్ళు, కొర్రలు, జొన్న, కంది కలిసిన పంట అది. ఒక్కోటీ ఒక్కో వేళకి చేతికొస్తూ వర్షాలు వెనకబడ్డాక గానీ గాదె నిండదు. అంటే జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో పాతగింజ అయిపోయి ఉంటుంది, కొత్తగింజ చేలో ఉంటుంది. మామిడి టెంకల పిండితో, జీలుగుచెట్టు మానులోంచి తీసిన పిండితో అంబలి కాచుకునే అలవాటు పుట్టింది ఈ నెలల కోసమే. పచ్చదనం చూడ్డానికి జనం ఎగబడేదీ అప్పుడే.

అడక్కపోతే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ అడిగితే లేకపోయినా పెడతారు, చిక్కంతా అక్కడే. అంత్యోదయ రేషన్ కార్డుకి నెలకి వచ్చేది 35 కిలోల బియ్యం. నలుగురు డెల్టావాళ్ళు పూటకి తలా 200 గ్రాముల చొప్పున నాలుగు పూటలు తింటే 3.2 కిలోలు. ఆ ఇంటి నెల బియ్యంలో పదోవంతుకి దగ్గర.

నవంబరు చివరినుంచి ఫిబ్రవరి దాకా మంచికాలం. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం తుపాన్లు డెల్టాని ముంచినప్పుడు కొండదారులూ తెగుతాయి కాబట్టి ఆ నెలల్లో వాతావరణశాఖ హెచ్చరిక చూసే కదలాలి. మార్చినుంచి ఇప్పపువ్వు, అడ్డాకు, చింతపండు పనులు. తెల్లారకుండానే ఊరంతా అడవిలో ఉంటుంది, పలకరించడానికి కూడా మనిషి దొరకడు. ఇప్పచెట్ల కింద తెల్లవారుజామున ఎలుగుబంట్లూ తిరుగుతాయి.

కాళ్ళ లెక్క, నీళ్ళ లెక్క

డెల్టాలో రోజుకి పది కిలోమీటర్లు నడిచేవాడికి కూడా కొండ వేరే చదువు. ఎక్కడంలో ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గుతుంది. దెబ్బతీసేది దిగడం. తొడ కండరాలు శరీరాన్ని ఆపుతూ సాగాల్సి వస్తుంది. మన చదునునేల మీద వాటికి ఆ పని ఎన్నడూ పడదు. అందుకే రెండోరోజు పొద్దున్న లేవలేకపోతారు. అయిదంతస్తుల మెట్లు ఎక్కిదిగితే సుమారు 15 మీటర్లు. వీపుమీద ఆరేడు కిలోల సంచితో ఇరవైసార్లు చేస్తే 300 మీటర్లు. నెలరోజులు వారానికి మూడుసార్లు చేస్తే చాలు. బూటు అరసైజు పెద్దది కొనండి, గోళ్ళు తీసుకోండి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకుని గోళ్ళు నల్లబడేది ఈ రెండూ చెయ్యకే.

"ఎంతదూరం?" అంటే "కూతవేటు దూరమే" అన్న జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు, ఆ కాళ్ళ కొలత. మన కాళ్ళకి కొలత ఇది: అడవిదారిలో గంటకి 3 కిలోమీటర్లు, పైగా ఎక్కే ప్రతి 600 మీటర్లకీ ఇంకో గంట. 8 కిలోమీటర్ల దారిలో 500 మీటర్ల ఎక్కుడుంటే మూడున్నర గంటలు, ఆగడాలు కలిపి నాలుగున్నర. డిసెంబరులో సూర్యుడు అయిదున్నరకే దిగిపోతాడు, కొండల నడుమ అయిదుకే మసక. తొమ్మిదిలోపు కదిలితే దారిలో ఆలస్యమైనా చీకట్లో పడరు. చీకట్లో భయం ఒక్క పులిపుట్రదే కాదు. అడవిపందుల కోసం చేలగట్లమీద దొంగచాటుగా లాగే కరెంటు తీగలు అంతకంటే ప్రమాదం.

వాగుల గురించి ఎంత చెప్పినా తక్కువే. గోదారి వరద చెప్పి వస్తుంది. భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండు, 53కి మూడు. ధవళేశ్వరం చేరేలోపు లంకలవాళ్ళు గొడ్డూగోదా తోలుకోవడానికి వేళ దొరుకుతుంది. కొండవాగుకి ఆ మర్యాద లేదు. పైన ఎక్కడో గంట వాన పడితే, మనదగ్గర ఎండ కాస్తుండగానే నీరు లేస్తుంది. తేటగా ఉన్న నీరు బురదరంగు తిరిగి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నాయంటే దిగకూడదు. దిగినవాళ్ళు వెంటనే గట్టెక్కాలి. చిన్న వాగు ఎంత తొందరగా లేస్తుందో అంత తొందరగా తగ్గుతుంది. కొన్ని గంటలు కూర్చుంటే పోయేదానికి ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ. మోకాలు మించని చోట, వెదురుకర్ర ఊతంగా, ఎగువకి మొహంపెట్టి పక్కకి అడుగులు వేస్తూ దాటాలి. సంచి నడుముపట్టీ ముందే విప్పేయాలి, పడితే అదే ముంచుతుంది. గోదారిలో ఈతొచ్చు కదా అని పాములేరు లాంటి వాగుల్లో దూకొద్దు. అడుగున బండలు, వాటిమధ్య గుంటలు, పైకి కనపడని లాగుడు.

తాగేనీరు ఊటది. వెదురు బద్దలతో ఊళ్ళోకి మళ్ళించుకున్న ఊట ఎంత తేటగా ఉన్నా మన పేగులకి కొత్తే. మరగడం మొదలయ్యాక ఇంకో నిమిషం ఉంచాలి, లేదా క్లోరిన్ బిళ్ళ వేసి డబ్బా మీద రాసినంతసేపు ఆగాలి. మనిషికి రోజుకి 3-4 లీటర్లు. ఆడవాళ్ళు స్నానం చేసే రేవూ, తాగునీటి ఊటా ఎక్కడో దారి చూపించే మనిషిని ముందే అడగండి. మలవిసర్జనకి నీటికి 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గొయ్యి తీసి, పూడ్చేయాలి. ప్లాస్టిక్, నాప్కిన్లు తిరుగు సంచిలోకే.

అరుగు మీద, పొయ్యి దగ్గర

ఊళ్ళోకి అడుగుపెట్టగానే మొదట పెద్దకాపుని కలవాలి. కోయ ఊరైతే ఆ ఊరి పెద్ద ఎవరో అడిగి ఆయన్ని. తర్వాత ఇంటి యజమానిని, ఆ తర్వాత, ఇది చాలామంది మర్చిపోయేది, ఇంటి ఆడమనిషిని. వండిపెట్టేది, నీళ్ళు మోసేది ఆవిడ. "పెద్దాయన సంతకెళ్ళాడు, ఎప్పుడొస్తాడో" అని ఎవరూ కూర్చోమనకపోతే అది మర్యాదగా చెప్పిన 'వద్దు' అనుకుని, బడి వరండాలోనో సామాజిక భవనంలోనో జాగా అడగండి. అక్కడ మాస్టారో పంచాయతీ కార్యదర్శో చెప్పాలి.

వంటమూలలోకి పిలవందే వెళ్ళకూడదు. ఇంటిదేవుడి చోటు లోపలే ఉండొచ్చు. ఊరికి కాస్త ఎడంగా చిన్నపాక కనపడితే అది బహిష్టు సమయంలో ఆడవాళ్ళుండే పాక కావచ్చు. అటు కెమెరా తిప్పకండి, దానిమీద ఉపన్యాసమూ ఇవ్వకండి. మామిడి విషయంలో ఇంకా జాగ్రత్త. మామిడి పండగ చేసి దేవతకి పెట్టేదాకా కొత్తకాయ తినని ఊళ్ళున్నాయి. ఏప్రిల్లో దారిపక్క చెట్టుకి కాయ కోసి ఉప్పుకారం అద్దుకునే డెల్టా సరదా అక్కడ ఊరి కట్టు తప్పించడం. చెట్టు యజమాని కాదనకపోయినా అడగాల్సింది పూజారిని.

జీలుగుచెట్టు సంగతీ అంతే. అడవిలో ఉన్నా ప్రతి చెట్టుకీ గీసేవాడుంటాడు, కట్టిన కుండ అతనిది. ఈ కల్లు మీద పన్ను వేసినందుకు మొదలైన మంటే 1879 రంప పితూరీకి ముఖ్యకారణాల్లో ఒకటి. మన్యంలో కల్లుకుండ జోలికి పోవడం చిన్నవిషయం కాదని సర్కారుకే తెలిసొచ్చింది. పోస్తే మర్యాదకి ఒక దొప్ప తాగొచ్చు. తెల్లారి ఎక్కే పని ఉంటే అంతటితో ఆపాలి.

సరుకులు మండల కేంద్రంలోనో దారిలో తగిలే సంతలోనో కొనండి. నలుగురు అతిథులు, అయిదుగురున్న ఇల్లు కలిసి నాలుగు పూటలకి ఏడెనిమిది కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, కిలో ఉప్పు, రెండు కిలోల ఉల్లిపాయలు. డెల్టానుంచి మోసుకెళ్ళదగ్గది ఒక్కటే: ఎండుచేపలు. కాకినాడ, యానాం వైపు నెత్తళ్ళో ఎండురొయ్యలో అరకిలో, గట్టిగా మూతపడే డబ్బాలో. మన్యం సంతల్లో ఎండుచేప ఎప్పుడూ అడిగి కొనే సరుకు. పాతబట్టల మూటలు, పిల్లలకి చాక్లెట్లు మాత్రం వద్దు.

బొంగులో చికెన్ మారేడుమిల్లి రోడ్డుపక్క దుకాణాల వంటకం. ఇంట్లో అడిగితే వాళ్ళు పండక్కో మొక్కుకో ఉంచుకున్న కోడిని కొయ్యాలి. తినాలనుంటే రోడ్డుమీదే తిని ఎక్కండి. మాంసం పెడితే కోసిన జంతువా, చచ్చిందా అని తెలుసుకోవాలి. చచ్చిన మేకల, పశువుల మాంసం వల్ల ఆంత్రాక్స్ సోకడం ఏజెన్సీలో లేనిది కాదు. నిలవ టెంకల పిండి తడికి బూజు పట్టి ఉంటే విషమవుతుంది, వాసన తేడాగా ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోవడంలో తప్పులేదు.

దారి చూపించే మనిషికి ఎంతివ్వాలి? ఉపాధి హామీ కూలి 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో రోజుకి 307 రూపాయలు ఉండేది. అది అడుగుకొలత మాత్రమే. దారి తెలిసినతనానికి, బరువుకి కలిపి దానికి రెండింతలు న్యాయం. ఒకవైపే నడిపించి వదిలేస్తే అతను వెనక్కి నడిచే రోజుకీ ఇవ్వాలి, డెల్టావాళ్ళు ఎగ్గొట్టేది ఇదే. బస డబ్బు వేరు, వంట డబ్బు వేరు, రెండూ ఇంటి ఆడమనిషి చేతికి. సిగ్నలు దొరకదు కాబట్టి వంద, రెండొందల నోట్లు సరిపడా ఉండాలి. పిల్లల ఫొటోలు పెట్టడం, ఊరి లొకేషన్ పిన్ చేయడం కూడా అడిగి చేయాల్సినవే. అయిదిళ్ళ ఊరిమీదికి ఒక ఆదివారం ముప్పై కార్లు వస్తే ఆ ఊట ఏమవుతుందో అడిగేముందు మీరే ఊహించుకోండి.

రాత్రి, ఆ తర్వాత మూడువారాలు

డెల్టాలో దోమ చిరాకు, ఏజెన్సీలో దోమ ఫాల్సిపేరం మలేరియా. మందుపట్టించిన దోమతెర మీరే తీసుకెళ్ళి, అంచులు చాపకింద దోపుకుని పడుకోవాలి. అదే తెర కట్లపాము నుంచీ కాపాడుతుంది. నేలమీద నిద్రపోయేవాళ్ళని రాత్రిపూట కరిచేది అదే, చాలాసార్లు నొప్పి కూడా తెలీదు. పాము కరిస్తే కొయ్యడం, పీల్చడం, తాడు బిగించడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కట్టి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మోయాలి. రోడ్డులేని ఊళ్ళనుంచి మోత అంటే డోలీయే, గంటలు పడుతుంది. అందుకే ఊరికి చేరగానే తెలుసుకోవాల్సింది వ్యూపాయింట్ కాదు, 108 ఎక్కడిదాకా వస్తుందన్నది. సాయంత్రం నిండుచేతుల చొక్కా, దోమల్ని తరిమే డీట్ మందు 20-30 శాతం ఉన్న పూత. కొద్దిరోజుల బసకి వైద్యుడు ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ రాస్తే అది రోజుకి 100 మిల్లీగ్రాములు, వెళ్ళడానికి రెండురోజుల ముందునుంచి తిరిగొచ్చాక నాలుగువారాల దాకా. గర్భిణులకీ ఎనిమిదేళ్ళలోపు పిల్లలకీ పనికిరాదు. ఇంటికొచ్చాక మానేయడమే అందరూ చేసే పొరపాటు.

ఫాల్సిపేరం జ్వరం సాధారణంగా కుట్టిన ఒకటి రెండు వారాలకి బయటపడుతుంది. వైవాక్స్ రకం మలేరియా నెలల తర్వాత కూడా రావచ్చు. స్క్రబ్ టైఫస్‌కి మూడువారాల వరకూ పట్టొచ్చు. గడ్డిలో కూర్చున్నప్పుడు నల్లిలాంటి సన్నపురుగు కుట్టడం వల్ల వచ్చేది ఇది. చంకలో, గజ్జల్లో, నడుముపట్టీ కింద కాలినట్టు నల్లటి పొక్కు ఉందేమో వెతకాలి. ఈలోపు మనిషి అమలాపురంలోనో భీమవరంలోనో ఉంటాడు, కొండ మర్చిపోయి ఉంటాడు, డాక్టరు టైఫాయిడో డెంగీయో అనుకుంటాడు. కాబట్టి ఆస్పత్రిలో చెప్పాల్సిన మొదటి మాట జ్వరం ఎంతన్నది కాదు, "ఫలానా తేదీన ఏజెన్సీలో పడుకుని వచ్చానండీ" అన్నది. మలేరియా పరీక్ష ఒకసారి లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడూ, ఆ మర్నాడూ మళ్ళీ చేయించుకోవాలి.